నలభై తొమ్మిది రూపాయల డెలివరీ చార్జీ

బెంగళూరు చిక్‌పేటకు మా పిన్నితో చీరలకు వెళ్తే ఆ పూట ఇంకే పనీ పెట్టుకోకూడదు. కొట్టువాడు తెలుగులోనే పలకరిస్తాడు, కాఫీ తెప్పిస్తాడు, "మీకు కాబట్టి ఈ రేటమ్మా" అంటాడు. పిన్ని దేనికీ కరగదు. జరీని గోటితో గీకి చూస్తుంది. అంచు తిరగేసి చూస్తుంది. గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో రంగు చూస్తుంది. ఆ తర్వాత చెప్పిన ధరలో సగం దగ్గర బేరం మొదలుపెడుతుంది. అలాంటి మనిషి పోయినేడు దసరాకు ముందు మదనపల్లె నుంచి మా ఇంటికొచ్చి, కుందలహళ్లిలో మా సోఫా మీద కూర్చుని, ఫోన్‌లో కనిపించిన చీర బొమ్మకు 18,640 రూపాయలు పోగొట్టుకుంది. మొత్తం వ్యవహారానికి పావుగంట కూడా పట్టలేదు.

మెసేజ్ తెలుగులోనే వచ్చింది. 6,999 రూపాయల పట్టుచీర 599కే, ఈ రాత్రి పన్నెండు దాకా మాత్రమే అని. కింద లింకు. నొక్కితే పేరున్న షాపింగ్ యాప్‌ను అచ్చు గుద్దినట్టున్న పేజీ, చీరల ఫొటోలు, నాలుగున్నర నక్షత్రాల రేటింగు, పైన సెకన్లు తగ్గిపోతున్న గడియారం. పిన్నికి అనుమానం రాకపోలేదు. కానీ పేజీలో 'క్యాష్ ఆన్ డెలివరీ' అని ఉంది. చీర చేతికొచ్చాకే 599 ఇవ్వాలి. ఇప్పుడు కట్టాల్సింది డెలివరీ చార్జీ 49 రూపాయలే. "పోతే నలభై తొమ్మిదే కదరా పోయేది, మీ బెంగళూర్లో ఆ డబ్బుకి సరైన కాఫీ కూడా రాదు" అని తర్వాత నాతో అంది.

మనలో చాలామంది వేసుకునే లెక్క అదే. డిస్కౌంట్ మోసమంటే డబ్బు కట్టించుకుని సరుకు పంపకపోవడం అనుకుంటాం. పట్టుచీరకు బదులు పాత గుడ్డ పంపడం అనుకుంటాం. అలాంటివీ జరుగుతున్నాయి. కానీ ఈ రకం మోసంలో వాడికి మన 49 రూపాయలతో పని లేదు. వాడికి కావాల్సింది కార్డు మీది పదహారు అంకెలు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ. అవి ఊరికే అడిగితే ఎవరూ ఇవ్వరు. పద్దెనిమిది వేల వస్తువు కొనేటప్పుడు కార్డు నంబరు కొట్టాలంటే ఎవరైనా ఒక క్షణం ఆగుతారు. నలభై తొమ్మిదికి ఎవరూ ఆగరు. గాలానికి గుచ్చిన ఎర 599 రూపాయల చీర అనిపిస్తుంది గానీ, అసలు ఎర ఆ చిన్న మొత్తమే.

తెర వెనక జరిగింది ఇది. పిన్ని తన కార్డు వివరాలు ఆ పేజీలో నింపుతున్న నిమిషంలోనే అవి అవతలివాడికి చేరిపోయాయి. వాడు వాటిని తీసుకెళ్లి వేరే అసలైన సైట్‌లో 18,640 రూపాయల కొనుగోలుకు వాడాడు. ఇలాంటివాళ్లు ఎక్కువగా గిఫ్ట్ కార్డులో, వెంటనే అమ్ముకోగలిగే ఫోన్లో కొంటారు. బ్యాంకు తన పని తాను చేసింది: పిన్ని ఫోన్‌కు ఓటీపీ పంపింది. ఇటు దొంగ పేజీలో "రూ.49 చెల్లింపు పూర్తి చేయడానికి ఓటీపీ నమోదు చేయండి" అని గడి తెరుచుకుంది. ఫోన్‌లోని కీబోర్డు ఆ ఆరు అంకెలను తనంతట తానే పైన చూపించింది. పిన్ని వేలితో ఒక్క తాకు తాకింది, అంతే.

మర్నాడు పొద్దున ఆమె ఫోన్ తీసుకుని ఆ ఓటీపీ మెసేజ్ చూశాను. రూ.18,640 అని రాసి ఉంది. ఏ కొట్టుకు వెళ్తోందో రాసి ఉంది. కార్డు చివరి నాలుగంకెలు ఉన్నాయి. నలభై తొమ్మిది ప్రసక్తి ఎక్కడా లేదు. ఆ సాయంత్రం ఆమె ఫోన్‌లోకి వచ్చినవాటిలో నిజం చెప్పింది ఆ మెసేజ్ ఒక్కటే. దాన్ని ఎవరూ చదవలేదు. చదవకుండానే పని జరిగిపోయేలా ఫోన్ తయారుచేసినవాళ్లు మనకు సౌకర్యం అమర్చిపెట్టారు మరి.

'ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట మా పిన్నికి కంఠతా వచ్చు. ఆమె ఎవరికీ చెప్పలేదు కూడా. ఫోన్ చేసి అడిగినవాడు లేడు. తన చేతులతో తానే, కొట్టు అనుకున్నచోట నింపింది. అంటే ఏళ్ల తరబడి మనవాళ్లకు నూరిపోసిన ఆ ఒక్క ముక్క ఇక్కడ ఏ పనికీ రాలేదు. పైగా బెంగళూరులో ఓటీపీ చెప్పకుండా ఒక రోజు గడవదు. ఆటో ఎక్కితే డ్రైవరుకు చెప్పాలి. పార్శిల్ తెచ్చిన కుర్రాడికి చెప్పాలి. గ్యాస్ సిలిండర్ వస్తే డెలివరీ కోడ్ చెప్పాలి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకు ఇంకో కోడు. ఒకపక్క చెప్పొద్దంటాం, మరోపక్క రోజుకు మూడుసార్లు చెప్పిస్తాం. పెద్దవాళ్లు తికమకపడక ఏం చేస్తారు? చెప్పాలా వద్దా అన్న ప్రశ్న కన్నా, ఈ అంకెలు ఏ పనికి, ఎంత మొత్తానికి అన్నది ముందు చూడాల్సింది. ఆ జవాబు అంకెల పక్కనే రాసి ఉంటుంది.

యూపీఐలోనూ ఇంతే. పిన్ కొట్టే తెర మీద ఎవరికి, ఎంత అన్నది కనిపిస్తుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. 'క్యాష్‌బ్యాక్ అందుకోండి' అన్నచోట పిన్ అడిగితే అది క్యాష్‌బ్యాక్ కాదన్నమాట. మనిషి నుంచి మనిషికి పంపే 'డబ్బు ఇవ్వండి' అభ్యర్థనలను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు నుంచి ఆపేసింది. దాంతో ఒక దారి మూసుకుంది. ఆటోపే దారి మాత్రం తెరిచే ఉంది. 'ఒక్క రూపాయికే ట్రయల్' అన్న ఆఫరుకు పిన్ కొడితే, ఆ రూపాయితో పాటు నెలనెలా డబ్బు తీసుకునే అనుమతి కూడా ఇచ్చేసి ఉండొచ్చు. అలా ఒకసారి అనుమతి ఇచ్చాక సాధారణంగా 15,000 రూపాయల లోపు కోతలకు మళ్లీ పిన్ అడగరు. తెర మీద 'ఆటోపే' లేదా 'మాండేట్' అన్న మాట కనిపిస్తే, గరిష్ఠ మొత్తం ఎంత రాశాడో చూసేదాకా వేలు కదపకూడదు.

ఇక అసలు అలాంటి మెసేజ్ మన ఫోన్ దాకా ఎలా వస్తోంది? ఇది కాస్త చిక్కుముడి వ్యవహారం.

కంపెనీలు వ్యాపార మెసేజ్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం టెలికాం సంస్థల దగ్గర ముందే నమోదు చేసుకోవాలి. పంపేవారి పేరును హెడర్ అంటారు. ఆ హెడరూ, మెసేజ్‌లో ఉండే వాక్యాల నమూనా రెండూ నమోదవ్వాలి. అందుకే బ్యాంకు మెసేజ్ పదంకెల నంబరు నుంచి కాకుండా అక్షరాల పేరుతో వస్తుంది. ఆ పేరుకు ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి, చాలామంది పట్టించుకోరు. మొదటిది టెలికాం సంస్థ: ఏ అంటే ఎయిర్‌టెల్, జె అంటే జియో, వి అంటే వొడాఫోన్ ఐడియా, బి అంటే బీఎస్‌ఎన్‌ఎల్. రెండోది సర్కిల్: కర్ణాటకకు ఎక్స్, తమిళనాడుకు టి, మన తెలుగు రాష్ట్రాలకు ఏ. 2025 నుంచి పేరు చివర ఇంకో అక్షరం చేరింది. పి అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. డిస్కౌంట్ ఆఫర్ అంటే ప్రచారమే కాబట్టి చివర పి ఉండాలి. ఆఫర్ చెబుతూ టి అని ఉంటే అక్కడే ఏదో తేడా ఉంది. హెడర్ ఎవరిదో వెతుక్కోవడానికి ట్రాయ్ ఒక వెబ్‌సైట్ కూడా పెట్టింది. 2024 అక్టోబరు 1 నుంచి, ముందే ఆమోదం పొందని లింకులున్న వ్యాపార మెసేజ్‌లను టెలికాం సంస్థలు ఆపేయాలన్న నియమం కూడా వచ్చింది.

ఇన్ని కాపలాలు పెట్టాక దొంగ ఎటునుంచి వస్తున్నాడు? కాపలా లేని దారినుంచి. పిన్నికి వచ్చిన మెసేజ్ మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చింది. ఎవరి పేరునో తీసుకున్న సిమ్ కార్డులను గుట్టలుగా పెట్టుకుని పంపేవాళ్లున్నారు. వాట్సాప్‌లోనూ, ఎస్‌ఎంఎస్ పెట్టెలోనే కనిపించే ఆర్‌సీఎస్ చాట్‌లోనూ వచ్చేవి ఇంటర్నెట్ మీదుగా వస్తాయి. మన కంటికి అన్నీ ఒకే పెట్టెలో పడ్డ ఉత్తరాల్లా కనిపిస్తాయి. తెచ్చిన పోస్ట్‌మ్యాన్‌లు మాత్రం వేరు.

పెద్ద కంపెనీ ఆఫర్ పదంకెల నంబరు నుంచి వస్తే నమ్మక్కర్లేదు. చిక్‌పేటలోని చిన్న కొట్టువాడు తన సొంత నంబరు నుంచే వాట్సాప్‌లో చీరలు చూపిస్తాడు, అది వేరే సంగతి. అతని ముఖం మనకు తెలుసు. ఇక హెడర్ సరిగ్గా ఉన్నంత మాత్రాన మెసేజ్ మంచిదని కూడా కాదు. ఇతరుల హెడర్లను, నమూనాలను వాడి మోసపు మెసేజ్‌లు పంపుతున్నారనే 2023 ఫిబ్రవరిలో ట్రాయ్ అన్నింటినీ మళ్లీ సరిచూడమని టెలికాం సంస్థలను ఆదేశించింది. ఇంకో దారి కూడా ఉంది. కారు డిక్కీలో పట్టే నకిలీ టవరు పరికరాలతో చుట్టుపక్కల ఫోన్లను పాత 2జీకి దించి, కావాల్సిన పేరుతో మెసేజ్ దించేస్తారు. అది టెలికాం సంస్థ గుండా రాదు కాబట్టి ఏ వడపోతా పనిచేయదు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో 2జీని ఆపేసే మీట ఉంటుంది. ఊళ్లో సిగ్నల్ సరిగా లేనివాళ్లు తప్ప మిగతావాళ్లు ఆపేసుకోవచ్చు.

అందుకే నా మటుకు నేను పంపినవాడి పేరు కన్నా లింకునే ఎక్కువ చూస్తాను. ఈ వ్యవస్థ ఎక్కువగా ఉత్తరం ఎవరు రాశారో చూస్తుంది. అది మనల్ని ఎక్కడికి తీసుకెళ్తోందో చూసుకోవాల్సింది మనమే.

లింకు చదవడం పెద్ద విద్యేమీ కాదు. బెంగళూరులో 'లేక్ వ్యూ' అని పేరుపెట్టుకున్న అపార్ట్‌మెంట్‌లన్నిటి నుంచీ చెరువు కనిపిస్తుందా? పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. వీధి, ఏరియా, పిన్‌కోడ్ మాత్రం మార్చలేరు. లింకులోనూ అంతే. మొదట్లో వచ్చే జంట గీతల (//) తర్వాత, మొదటి ఒంటి గీత (/) ఎక్కడొచ్చిందో చూడాలి. గీత లేకపోతే చివరికి వెళ్లాలి. అక్కడి నుంచి వెనక్కి చదవాలి. ఉదాహరణకు మన కొట్టు పేరు 'మనకొట్టు డాట్ కామ్' అనుకుందాం. 'మనకొట్టు డాట్ కామ్ డాట్ దసరాఆఫర్ డాట్ షాప్' అని లింకు వస్తే, అది మనకొట్టుది కాదు. 'దసరాఆఫర్ డాట్ షాప్' అన్న పేరు కొన్నవాడిది. ముందున్న 'మనకొట్టు డాట్ కామ్' గోడమీద రాసుకున్న లేక్ వ్యూ లాంటిది. దొంగలు అసలు పేరును ఎప్పుడూ ముందే పెడతారు. చిన్న తెర మీద చివరి భాగం కనిపించదని వాళ్లకు తెలుసు. బ్యాంకుల విషయంలో ఈ గొడవ కొంత తగ్గింది. ఆర్‌బీఐ చెప్పిన మీదట బ్యాంకులు తమ సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాలకు మార్చుకున్నాయి. ఆ తోక బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. షాపింగ్ సైట్లకు అలాంటి తోక లేదు.

'తాళం గుర్తు ఉంటే సైట్ మంచిది' అని ఒకప్పుడు మనమే చెప్పాం. ఇప్పుడు మానేయాలి. ఆ తాళం చెప్పేది దారిలో ఎవరూ తొంగిచూడలేరని మాత్రమే. అవతల కూర్చున్నది ఎవరో చెప్పదు. దొంగ సైటుకు కూడా ఆ తాళం ఉచితంగా దొరుకుతుంది. జనం దాన్ని అపార్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ బ్రౌజర్ తాళం బొమ్మనే తీసేసి వేరే గుర్తు పెట్టింది. అక్షర దోషాలుంటే దొంగ మెసేజ్ అన్నదీ పాతబడిపోయింది. పిన్నికి వచ్చిన మెసేజ్‌లో ఒక్క తప్పు లేదు. నిజం చెప్పాలంటే పెద్ద కంపెనీలు పంపే తెలుగు కన్నా బాగుంది.

ఈ విషయంలో అసలు కంపెనీల మీద కూడా నాకు కోపం ఉంది. వాళ్లూ ఇలాగే 'కొద్ది గంటలే' అని తొందరపెడతారు. వాళ్లూ అర్థంకాని పొట్టి లింకులే పంపుతారు. దొంగకూ దొరకూ తేడా తెలియకుండా వాళ్లే అలవాటు చేసి, జాగ్రత్తగా ఉండమని మళ్లీ మనకే మెసేజ్ పెడతారు. లింకు నొక్కకుండా, ఫోన్‌లో ఉన్న ఆ కంపెనీ యాప్ తెరిచి అదే ఆఫర్ అక్కడ ఉందేమో చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. నిజమైన డిస్కౌంట్ అయితే యాప్‌లోనూ ఉంటుంది.

చీరే కానక్కర్లేదు. 'అడ్రసు సరిగా లేక మీ పార్శిల్ ఆగిపోయింది, సరిచేసుకోండి' అన్నది కూడా దీని తోబుట్టువే. పోస్టాఫీసు పేరుతో వచ్చే ఇలాంటి మెసేజ్‌లు నకిలీవని ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం పలుమార్లు హెచ్చరించింది. 'మీ రివార్డ్ పాయింట్లు ఈరోజుతో పోతాయి' అన్నది ఇంకొకటి. ఇందులో లింకు నొక్కితే ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ యాప్ మూట, దిగుతుంది. మిగతావాటి కన్నా ఇది ప్రమాదం. ఆ యాప్ వేసుకుని, మెసేజ్‌లు చదివే అనుమతి ఇస్తే, ఇక మనం ఓటీపీ నింపాల్సిన పని కూడా ఉండదు. అదే చదువుకుని అవతలికి పంపేస్తుంది. ప్లే స్టోర్ బయటినుంచి వచ్చిన ఏ యాప్‌నూ, అది ఆఫర్‌దైనా, ట్రాఫిక్ చలాన్‌దైనా, బంధువు నంబరు నుంచి వచ్చిన పెళ్లి శుభలేఖ అయినా, వేసుకోకూడదు. ఆ బంధువు ఫోన్ అప్పటికే వాళ్ల చేతికి చిక్కి ఉండొచ్చు. పొరపాటున వేసుకుంటే ముందు ఇంటర్నెట్ ఆపేసి, బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి కాల్ చేయాలి.

మన నంబర్లు వాళ్లకెలా దొరుకుతాయని అందరూ అడుగుతారు. మాల్‌లో బిల్లు వేయించుకునేటప్పుడు ఎన్ని కొట్లలో నంబరు చెప్పామో లెక్కపెట్టుకుంటే సగం జవాబు దొరుకుతుంది. నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కొట్లకు సూచన ఇచ్చింది. "నంబర్ ఇవ్వను" అంటే కౌంటర్‌లో అమ్మాయి వింతగా చూస్తుంది, అంతకుమించి ఏమీ కాదు.

డబ్బు పోయాక ఏం చేయాలన్నది పిన్ని విషయంలో ఆలస్యమైంది. డెబిట్ మెసేజ్ రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చింది. మాకు చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. పొద్దున ఏడింటికి, కాఫీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చుంటే నేను అడిగాను. అప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. ఆ నంబరుకు చెప్పగానే వివరాలు సంబంధిత బ్యాంకులకు వెళ్తాయి. డబ్బు చేరిన ఖాతాలో ఇంకా ఉంటే కదలకుండా ఆపుతారు. అది ఖాతా నుంచి ఖాతాకు పరిగెడుతూ ఉంటుంది కాబట్టి ప్రతి నిమిషమూ లెక్కే. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం చేతిలో పెట్టుకుని ఫోన్ చేయాలి. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయాలి. బెంగళూరులో సైబర్ కేసులకు సెన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్య నేరాల) పోలీస్ స్టేషన్లు వేరుగా ఉన్నాయి. ఊరు వేరు, ఖాతా వేరు అని తిప్పి పంపితే జీరో ఎఫ్‌ఐఆర్ అడగొచ్చు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం చెబుతోంది.

డబ్బు పోకముందే అనుమానపు మెసేజ్ గురించి చెప్పాలంటే వేరే చోటుంది: టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లోని 'చక్షు'. పోయిన డబ్బు గురించి అక్కడ రాసి, ఎవరూ పలకలేదని ఎదురుచూసేవాళ్లను నేను చూశాను. అది దానికి కాదు.

బ్యాంకు ఏమంది? "ఓటీపీ మీరే ఇచ్చారు కదా మేడమ్" అంది. ఆర్‌బీఐ 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్‌లో ఈ బాధ్యతల లెక్క ఉంది. మన తప్పేమీ లేకుండా మూడో మనిషి వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో చెబితే మన మీద భారం పడదు. మనమే వివరాలు ఇచ్చేస్తే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనదే. చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. సిగ్గుపడి ఊరుకున్న ఆ తొమ్మిదిన్నర గంటల్లో కార్డు ఇంకోసారి వాడి ఉంటే ఆ డబ్బూ పిన్నిదే పోయేది. ఖాతాలో అంతకుమించి లేకపోవడం ఆమె అదృష్టం. పోయిన డబ్బు ఇంకా రాలేదు.

ఆ వారమే ఆమె బ్యాంకు యాప్‌లో రెండు మీటలు మార్చాను. ఆన్‌లైన్ కొనుగోళ్ల పరిమితి రోజుకు రెండు వేలు చేశాను. విదేశీ వాడకం ఆపేశాను. విదేశీ సైట్లలో కొన్నిచోట్ల ఓటీపీ లేకుండానే డబ్బు కోస్తారు మరి. కార్డుల మీద ఈ మీటలు ఉండాలని ఆర్‌బీఐ 2020లోనే చెప్పింది. ఎవరి యాప్‌లోనైనా 'కార్డ్ సెట్టింగ్స్' దగ్గర దొరుకుతాయి.

మొన్న సంక్రాంతికి ముందు పిన్ని మళ్లీ వచ్చింది. నేను నిజంగానే ఒక మిక్సీ ఆర్డర్ పెట్టాను, ఆమె నంబరుతో. పార్శిల్ కుర్రాడు వచ్చి కన్నడలో ఓటీపీ అడిగాడు. పిన్ని అతన్ని గుమ్మంలో నిలబెట్టి, లోపలికెళ్లి కళ్లజోడు తెచ్చుకుంది. మెసేజ్ తెరిచి మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు మెసేజ్, కూడబలుక్కుంటూ చదువుతోంది. లిఫ్ట్ వచ్చి వెళ్లిపోయింది. "అమ్మా, బేగ హేళి" అని, త్వరగా చెప్పమని కుర్రాడు గొణిగాడు.

"ఉండు నాయనా" అంది పిన్ని తెలుగులోనే. "ఎంతకో రాసుందేమో చూడనీ."